పంతులుగారి ఇల్లు, పిడత కింద పప్పు

31 ఏళ్లు హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పాను. కాకినాడ వైపు ఒక పల్లెటూరి బడి మాది. ఏటా డిసెంబరులో తొమ్మిదో తరగతి పిల్లల్ని వ్యానెక్కించి రాజమండ్రి, ధవళేశ్వరం చూపించి, చీకటి పడేవేళకి ఇళ్లకు చేర్చేవాణ్ని. ఇప్పుడు నాకు 74. మా మనవలు ఈ సెలవుల్లో అదే దారిన వెళ్లొస్తామంటున్నారు. నేను తిరిగినట్టు తిరగవద్దని వాళ్ల కోసం, వాళ్ల ఈడు పిల్లల కోసం ఇది రాస్తున్నాను.

1. ఎన్ని చూశామో లెక్కపెట్టుకునేవాడికి ఏదీ కనబడదు.

నా జేబులో ఎప్పుడూ ఒక జాబితా ఉండేది. రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం, దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ, గౌతమీ గ్రంథాలయం, కాటన్ మ్యూజియం, బ్యారేజీ. ఒక్కోదానికి అరగంట. ఒక ఏడాది దామెర్ల గ్యాలరీలో ఒక పిల్ల ఓ బొమ్మ ముందు కదలకుండా నిలబడిపోయింది. రామారావుగారు 1897లో పుట్టారు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ప్రోత్సాహంతో బొంబాయి వెళ్లి చిత్రకళ చదివారు. 1925లో మశూచి సోకి, 27 ఏళ్లకే పోయారు. ఆ చేతిలో ఇంకెన్ని బొమ్మలు మిగిలిపోయాయో! ఇదంతా ఆ పిల్లకి అక్కడే, ఆ బొమ్మ ముందే చెప్పి ఉండాల్సింది. నేను జబ్బ పట్టుకుని, "పదవే, టైమైపోతోంది" అన్నాను. వెనక్కి తిరిగి చూస్తూనే నడిచింది పాపం. ఏ బొమ్మ దగ్గర ఆగిందో కూడా నేను చూడలేదు.

2. పలక మీద ఉన్నది చదువుకో, పక్కనున్న మనిషిని అడుగు.

ధవళేశ్వరం కాటన్ మ్యూజియంలో ఆనకట్ట నమూనాలు, పాత చిత్రాలు ఉంటాయి. 1832-33 కరువు ఈ జిల్లాలను ఊడ్చేసింది. పక్కనే అంత నది సముద్రంలోకి పోతుంటే జనం తిండిలేక చచ్చారు. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆర్థర్ కాటన్ గోదావరికి అడ్డుకట్ట వేయించారు. ఆయనకు అండగా వీణం వీరన్నగారు పనివాళ్లను నడిపించారు. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. ఒకసారి ఇలాగే గొంతెత్తి చెబుతుంటే గేటు దగ్గరి ముసలాయన మెల్లగా వచ్చి, "మా ముత్తాత ఈ కొండరాయి మోసినోడేనండి మాస్టారూ" అన్నాడు. "అలాగా" అని ఊరుకుని మళ్లీ నా పాఠం అందుకున్నాను. ఎంత రాయి, ఎంత కూలి, ఎక్కడ పడుకునేవారు, ఏం తినేవారు? వాళ్లింట్లో ఏం చెప్పుకునేవారో అడిగితే ఎంత తెలిసేదో. రెండేళ్ల తర్వాత అడుగుదామని వెళ్లాను. ఆయన లేడు.

కాటన్ దొర పేరు అందరికీ తెలుసు, ఊరూరా విగ్రహం ఉంది. ఉండాలి కూడా. రాయి మోసినవాడి పేరు మాత్రం అతని మునిమనవడి నోట్లోనే ఉండింది.

3. ముందు పొయ్యి చూడు, ఆ తర్వాత పళ్లెం చూడు.

"బయటి గడ్డి ఒక్కరు తిన్నా ఊరుకోను" అని పిల్లల్ని బెదిరించేవాణ్ని. తెల్లవారుజామున మూడింటికే కొబ్బరన్నం వండించి, వేడివేడిగా గిన్నెలకెత్తి మూతలు బిగించేవాళ్లం. ఒకసారి మధ్యాహ్నం మూత తీసేసరికి పుల్లటి వాసన. పారేయడానికి మనసొప్పక పెట్టేశాను. తిరుగుదారిలో ఆరుగురు పిల్లలకి వాంతులు. వాళ్ల అమ్మల ముఖాలు ఇప్పటికీ గుర్తే. అప్పుడే బ్యారేజీ రోడ్డు పక్కన ఒకావిడ పెనం మీంచి నేరుగా ఆకులోకి పెసరట్టు వేసి ఇస్తోంది. అది మా గిన్నెలకన్నా వందరెట్లు మేలు.

తర్వాత తర్వాత తెలుసుకున్నాను. నిప్పు మీంచి అప్పుడే దిగినదాన్నీ, తొక్కలో ఉన్నదాన్నీ నమ్మొచ్చు. శీతాకాలంలో కాల్చిన తేగ, వేసవిలో మన కళ్లముందు కొట్టిన ముంజె. బజ్జీల దగ్గర మూకుడులో నూనె రంగు చూడండి. అట్టుతో ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా పొద్దున్నెప్పుడో రుబ్బిన పచ్చడితోనూ, బకెట్లో నీళ్లతోనూ.

4. చేసే చెయ్యి చూశాక బేరం ఆడబుద్ధి కాదు.

బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక వైపు దాటితే ఆత్రేయపురం. అక్కడి పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. డబ్బా దగ్గర పది రూపాయల కోసం నేను గీచి గీచి బేరమాడిన రోజులున్నాయి. ఒకసారి వాన పడితే చూరు కిందికి వెళ్లి లోపలికి చూశాను. బోర్లించిన కుండ, కింద ఎండు కొబ్బరాకుల మంట. పల్చటి బియ్యప్పిండి జారులో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే, రెప్పపాటులో తెల్లటి రేకు లేస్తోంది. దాన్ని చిరగకుండా ఒలిచేది ఉత్త వేళ్లతోనే. ఆవిడ మధ్యమధ్యలో వేళ్లు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటోంది.

5. ఇంట్లోది పారేసినవాడికి అద్దాల బీరువాలో ఏం కనబడుతుంది?

మా తాతగారి తాళపత్రాల కట్ట ఒకటి అటక మీద ఉండేది. చదవగలిగినవాళ్లు ఇంట్లో లేరు, చెదలు పడుతున్నాయి. అలాంటివి గంగలో కలపాలన్నారు పెద్దలు. 1991 పుష్కరాల్లో నా చేతులతోనే గోదావరిలో వదిలాను. చరిత్ర చెప్పే మాస్టార్ని! ఆ రేవుకి కాస్త దూరంలోనే ఉన్న గౌతమీ గ్రంథాలయంలో అటువంటి కట్టల్ని ఎంతో భద్రంగా దాచారు. అక్కడికి వెళ్లి ఇచ్చివస్తే సరిపోయేది. అందులో వైద్యమే ఉందో, వట్టి పద్దులే ఉన్నాయో.

6. అడిగినవాళ్లను అడిగిన రోజే తీసుకెళ్లు.

ఆ పుష్కరాలకి మా మేనత్త కూడా వచ్చింది. పన్నెండో ఏట భర్త పోయాడు. అప్పటి నుంచీ మా ఇంట్లోనే ఉంది. నన్ను పెంచింది ఆవిడే. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం చేయించారని నేను ఏటా బల్ల గుద్ది చెప్పేవాణ్ని. అది జరిగిన యాభై ఏళ్ల తర్వాత మా అత్తకి ఆ గతి పట్టింది. ఈ రెండూ ఒకే మాటని నాకెన్నడూ తట్టలేదు.

స్నానమయ్యాక, "పంతులుగారి ఇల్లు ఈ ఊళ్లోనేనటగా, ఒక్కసారి చూపించరా" అంది. జనం, ఎండ, బస్సు. "ఈసారికి కాదత్తా" అన్నాను. గట్టు మీద ఒకతను పిడత కింద పప్పు కలుపుతున్నాడు. ఉల్లిపాయ, నిమ్మకాయ వాసన. అత్త ఆగింది. బజారులో నిలబడి ఏదీ తిని ఎరగదు. "ఎలా ఉంటుందిరా?" అని అడిగింది. నేను అటూ ఇటూ చూసి, "ఎవరైనా చూస్తారు, పద" అన్నాను. మారు మాట్లాడకుండా వచ్చింది. ఆ తర్వాతి సంక్రాంతి ఆవిడ చూడలేదు.

పంతులుగారి ఇంటికి రిటైరయ్యాకే వెళ్లాను, ఒక్కణ్నే. ఆ పెళ్లి రోజుల్లో ఊరు వెలివేస్తే వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు. అప్పుడు పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరికి వెళ్లి నీళ్లు మోసుకొచ్చి, అంతమందికీ వండి పెట్టారు. వెలి అని తెలిసీ వండిన ఆ అన్నాన్ని తలుచుకుంటూ ఆ ఇంట్లో చాలాసేపు కూచున్నాను. బయటికి వచ్చి రేవు దాకా నడిచాను. పొట్లం కట్టించుకుని మెట్ల మీద కూచుని తిన్నాను. కారంగా, పుల్లగా, కాస్త వెచ్చగా ఉంటుంది అత్తా.