ముందు చోటు, తర్వాత రాఫ్ట్

బచేలి

కార్తీక్‌కు,

నలుగురు కలిసి విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ దాకా తెరచాప పడవలో వెళ్లాలనుకున్నారనీ, పడవ మునిగితే ఎక్కాల్సిన లైఫ్ రాఫ్ట్ కొనాలా అద్దెకు తేవాలా అన్న దగ్గర మాట తెగడం లేదనీ రాశావు. బైలదిల్లా కొండల కింద కూర్చున్న ముసలాడికి సముద్రం సంగతి ఏం తెలుసని నీ స్నేహితులు నవ్వుతారేమో. నవ్వనీ. ఈ ఊరి తిండి కొత్తవలస–కిరండూల్ లైను మీదుగా విశాఖ రేవుకు దిగే ఇనుప ఖనిజంలోంచే వస్తోంది. ఆ సరుకెక్కిన ఓడలకు ఏమవుతుందన్నది మాకు పట్టని విషయమేం కాదు. నేను చెప్పేది ఒక్కటే: మీ ప్రశ్న తోక దగ్గర మొదలైంది. కొనడమా, అద్దెకా అన్నది ఆఖర్న తేలాలి. రాఫ్ట్ మీ పడవలో ఎక్కడ ఉంటుంది, అక్కడినుంచి దాన్ని నీళ్లలో పడెయ్యడానికి ఎంతసేపు పడుతుంది అన్నవి ముందు తేల్చుకోండి. అవి తేలితే ఏ రకం కావాలో దానంతటదే తెలుస్తుంది. రకం తెలిశాకే డబ్బు మాట.

ఎంతసేపు అన్న ప్రశ్నకు ఇంత బరువు ఎందుకంటే, రాఫ్ట్ నిజంగా అక్కరకొచ్చిన సందర్భాల్లో వ్యవధి నిమిషాల్లోనే ఉంది. 2017 మార్చి 31న స్టెల్లార్ డైసీ అనే పెద్ద ఓడ బ్రెజిల్ నుంచి రెండున్నర లక్షల టన్నులకు పైగా ఇనుప ఖనిజంతో చైనా వెళ్తూ దక్షిణ అట్లాంటిక్‌లో మునిగిపోయింది. ఓడలో ఉన్న 24 మందిలో 22 మంది దక్కలేదు. దక్కిన ఇద్దరు ఫిలిప్పీన్స్ నావికులూ ఒక లైఫ్ రాఫ్ట్‌లో దొరికారు. అంత ఓడ సంగతి మనకెందుకంటావా, మీలాంటి పడవ సంగతే చూడు. 2022 నవంబర్‌లో భూమి చుట్టే గోల్డెన్ గ్లోబ్ పడవ పందెంలో ఒంటరిగా వెళ్తున్న ఫిన్లాండ్ నావికుడు టాపియో లెహ్టినెన్ నిద్రలోంచి లేచేసరికి పడవ నిండా నీళ్లు. ఆస్టీరియా అనే ఆ పడవ ఐదు నిమిషాల్లో మునిగింది. ఆయన రాఫ్ట్‌లోకి చేరగలిగాడు. మర్నాడు అదే పందెంలో ఉన్న కిర్‌స్టెన్ నాయ్‌షేఫర్ ఆయన్ని వెతికి పట్టుకుని, దగ్గరికొచ్చిన దర్యా గాయత్రి అనే సరుకు ఓడకు అప్పగించింది. ఆ రాఫ్ట్ పరుపు కింద లాకరులో, మీద చాపలూ తాళ్లూ పేర్చి ఉంటే ఆయన కథ వేరేలా ముగిసేది.

దీనికి నీ నుంచి వచ్చే ఎదురు ప్రశ్న నాకు తెలుసు, ఎందుకంటే అది గట్టి ప్రశ్న. 1979 ఫాస్ట్‌నెట్ పందెంలో 303 పడవలు బయలుదేరాయి, తుపానులో 15 మంది పోటీదారులు పోయారు. 24 పడవల్ని మనుషులు వదిలేశారు, అందులో మునిగినవి ఐదే. మిగతా 19 పడవలూ తేలుతూనే దొరికాయి. పోయినవాళ్లలో ఏడుగురి చావు రాఫ్టులతో ముడిపడినదని విచారణ నివేదిక తేల్చింది. వాళ్లు వదిలిపెట్టిన పడవలు మాత్రం తర్వాత నిక్షేపంగా దొరికాయి. మన నావికుడు అభిలాష్ టోమీ 2018 సెప్టెంబర్‌లో హిందూ మహాసముద్రపు దక్షిణ అంచున తెరచాప స్తంభం విరిగి, నడుం దెబ్బతిని, లేవలేని స్థితిలో పడవలోనే పడుకుని ఉంటే ఫ్రెంచి నౌక ఒసిరిస్ వచ్చి తీసుకెళ్లింది. అలాంటప్పుడు రాఫ్ట్ ఎందుకు అంటావు. దీన్నుంచి తేలేది రాఫ్ట్ వద్దని కాదు, తొందరపడి దిగొద్దని. పడవ ఇంకా తేలుతుంటే అదే ఆశ్రయం. అందులో నీళ్లూ రేడియో ఉంటాయి, పైనుంచి వెతికేవాళ్లకు అది పెద్దగా కనపడుతుంది. ఆఖరి క్షణం దాకా పడవలోనే ఉండాలంటే, ఆ ఆఖరి క్షణంలో రాఫ్ట్ చేతికి అందుతుందన్న నమ్మకం ఉండాలి. అందదన్న భయమే మనిషిని ముందే దింపుతుంది. కాబట్టి ఫాస్ట్‌నెట్ పాఠం కూడా తిరిగి చోటు దగ్గరికే తెస్తోంది.

సముద్ర పందేల అంతర్జాతీయ నియమావళి రాఫ్ట్‌ను 15 సెకన్లలో పడవ అంచు తీగల దగ్గరికి తేగలగాలంటుంది. సంచిలో ఉండే రకమైతే బరువు 40 కిలోలు దాటకూడదంటుంది. పందెంలో లేకపోయినా ఈ రెండు అంకెలూ మీకు కొలబద్దలే. క్యాబిన్ లోపల పెట్టే మాట మర్చిపోండి; నీళ్లు చేరేదీ పొగ కమ్మేదీ అక్కడే. పడవ నడిపే చోటుకు పక్కనున్న లాకరు బాగానే ఉంటుంది, కానీ అది రాఫ్ట్‌కే కేటాయించాలి. ఒక్క వారం గడిస్తే దాని మీదికి తాళ్లూ బకెట్లూ చేరతాయి, అది మనుషుల అలవాటు. వెనక రెయిలింగుకు తగిలించే చట్రం అందుకోవడానికి సులువు. అయితే వెనకనుంచి వచ్చే పెద్ద అల ఆ రెయిలింగునే పెరికేయవచ్చు, చిన్న పడవలో ఆ బరువు వెనకభాగాన్ని దించుతుంది కూడా. విశాఖకు చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య 2017–18లో భూమి చుట్టి వచ్చిన తారిణి దాదాపు 17 మీటర్ల పడవ. అంతదాని మీద 40 కిలోలు లెక్కలోకి రావు, మీ దాని మీద వస్తాయి. డెక్కు మీద గట్టి ఫైబర్ డబ్బాలో బిగించడం నాకు ఎక్కువ నచ్చుతుంది. విశాఖ ఎండకు గుడ్డ పైకప్పు వేసి నీడ ఇవ్వండి, వేడికి జిగుర్లు పాడవుతాయి.

డబ్బా పెడితే హైడ్రోస్టాటిక్ రిలీజ్ అమరుస్తాం, పడవ మునిగితే రాఫ్ట్ అదే విడిపోయి పైకి వస్తుంది కదా అంటావు. అది ఒకటిన్నర నుంచి నాలుగు మీటర్ల లోతులో పనిచేసే పరికరం. పడవ తలకిందులై తేలుతుంటే ఆ లోతు అందకపోవచ్చు. అందినా స్తంభం తీగల్లో రాఫ్ట్ చిక్కుకోవచ్చు. ఉంచండి, కానీ దాని మీద ఆధారపడకండి. అంతకంటే ముఖ్యమైనది పెయింటర్ తాడు, అంటే రాఫ్ట్‌ను పడవకు కట్టే తాడు. దాని కొసను పడవలో గట్టి చోట ముందే కట్టి ఉంచాలి. కట్టకుండా విసిరితే రాఫ్ట్ గాలికి కొట్టుకుపోతుంది. విసిరాక ఆ తాడు మొత్తం లాగి, చివర గట్టిగా గుంజితేనే రాఫ్ట్‌ను ఉబ్బించే సిలిండర్ తెరుచుకుంటుంది. మీ నలుగురిలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో అడిగి చూడు.

ఇక రకం. రాఫ్ట్ అడుగున నీళ్లు పట్టే పెద్ద సంచులు ఉండాలి, అవే దాన్ని గాలికి బోర్లాపడకుండా పట్టి ఉంచుతాయి. 1998 సిడ్నీ–హోబార్ట్ పందెంలో విన్‌స్టన్ చర్చిల్ పడవ మునిగాక ఐదుగురు ఎక్కిన రాఫ్ట్ బోర్లాపడింది. గాలి కోసం వాళ్లు అడుగును కోశారు, ఆ కోత చిరిగి పెద్దదైంది, ముగ్గురు కొట్టుకుపోయారు. నలుగురికి నలుగురు పట్టే రాఫ్టే చాలు. విశాలంగా ఉంటుందని ఎనిమిది మందిది తేవద్దు, లోపలి మనుషుల బరువే దానికి నిలకడ. ఐఎస్ఓ 9650 ప్రమాణంలో మొదటి రకం, 24 గంటలకు మించిన సామానుతో ఉన్నది అడగండి. అందులోనూ మనిషికి లీటరున్నర నీళ్లే ఉంటాయి. బంగాళాఖాతపు ఎండలో అది ఏ మూలకు? అందుకని నీళ్ల క్యాన్లు వేరే పెట్టుకోండి, అంచుదాకా నింపకండి, కొంచెం ఖాళీ ఉంటే తేలతాయి. చిన్న రబ్బరు పడవ ఉంది కదా, అదే చాలదా అన్నావు. 1972లో రాబర్ట్‌సన్ కుటుంబం పసిఫిక్‌లో 38 రోజులు బతికింది. మధ్యలో రాఫ్ట్ పాడైతే చిన్న పడవే వాళ్లను మోసింది, నిజమే. అది గట్టి పడవ, మీది గాలి నింపేది. పైగా మొదటి రోజుల్లో వాళ్లకు రెండూ ఉన్నాయి.

ఇప్పుడు డబ్బు. ఏడాదికొక ప్రయాణం చేసే మీకు నా ఓటు అద్దెకే. కొన్న రాఫ్ట్‌కు ఖర్చు కొన్న రోజుతో ఆగదు. సిలిండర్ తూకం, గాలి నింపి పరీక్ష, గడువు తీరిన ఫ్లేర్లూ బ్యాటరీలూ మార్చడం, ఇదంతా పదేపదే చేయించాలి. చేయించకుండా పెట్టుకున్న రాఫ్ట్ ఉత్త ధైర్యం. ఎవరెవరో వాడిన రాఫ్ట్ ఎలా నమ్మాలన్న మీ అనుమానానికి జవాబు కూడా ఇక్కడే ఉంది: అద్దెకిచ్చేవాడికి తనిఖీయే వ్యాపారం, సొంతదారుకి అది వాయిదా వేసే ఖర్చు. అయినా సర్టిఫికెట్ తేదీ, రాఫ్ట్ వరస నంబరు, సిలిండర్ తేదీ కళ్లారా చూడాలి. చిక్కు వేరే చోట ఉంది. బ్రిటన్‌లో పడవల రాఫ్టులు వారాల లెక్కన అద్దెకు దొరుకుతాయి. మన రేవుల్లో రాఫ్టుల పని చూసే స్టేషన్లు ప్రధానంగా వాణిజ్య ఓడల కోసం ఉన్నాయి. ఓడల నియమాల ప్రకారం ఆరుగురికి తక్కువ పట్టే రాఫ్ట్‌కు ఆమోదమే లేదు, ఆ డబ్బాలు ఒక్క మనిషి ఎత్తేవి కావు. అలాంటిదే దొరికితే లాకరు పనికిరాదు, డెక్కు మీద, అంచు దగ్గర, దొర్లిస్తే పడేలా పెట్టాలి. అది కుదరకపోతేనే కొనండి. విమానంలో తెప్పించుకోవాలనుకోకండి, సిలిండర్ ఉంది గనక ప్రమాదకర సరుకు కింద లెక్కేస్తారు. అద్దెకు తీసుకుంటే మిగిలే డబ్బులో ఉపగ్రహాల ద్వారా ప్రమాద సంకేతం పంపే 406 మెగాహెర్ట్జ్ ఈపీఐఆర్‌బీ కొనండి. దాన్ని బెంగళూరులో ఇస్రో నడిపే కేంద్రంలో నమోదు చేయించాలి. విశాఖ వైపు సముద్రంలో గాలింపు చూసేది చెన్నైలోని కోస్ట్ గార్డ్ కేంద్రం.

ఎవరికైనా బయానా ఇచ్చేముందు ఒక పని చెయ్యండి. 40 కిలోల బియ్యం మూట ఒకటి మీరు అనుకున్న చోట బిగించండి. చీకటి పడ్డాక, పడవ రేవులోనే ఊగుతుండగా, మీలో అందరికంటే బక్కగా ఉన్నవాడిని లైటు లేకుండా దాన్ని అంచు దాకా తెమ్మనండి. గడియారం ఇంకొకరు పట్టుకోవాలి. ఎన్ని సెకన్లు పట్టిందో, లాకరు మూత వెడల్పెంతో, డెక్కు మీద ఖాళీ ఎంతో రాసి పంపు. ఆ కొలతలు చూశాక స్టేషన్ వాళ్లను ఏమడగాలో మాట్లాడుకుందాం.



ఆశీస్సులతో,
పెదనాన్న