తెలిసి తిందాం ఓట్స్

ఆరోగ్యం మీద శ్రద్ధ పెట్టాలనుకున్నవాళ్లు చాలామంది మొదట చేసే పని ఓట్స్ ప్యాకెట్ కొనడం. మంచి పనే. అయితే నెల తిరిగేసరికి ఆ ప్యాకెట్ వంటింటి అరలో ఓ మూలకు చేరుతుంది. రుచి నచ్చక వదిలేశామంటారు. ఎందుకు తింటున్నామో తెలియకుండా మొదలుపెట్టిన అలవాటు నిలవదు, అసలు సంగతి అదీ. కాబట్టి ముందు ఆ ‘ఎందుకు’ తెలుసుకోండి.

40 గ్రాముల ఓట్స్, అంటే సుమారు అరకప్పు, దాదాపు 150 కేలరీలు, 5 గ్రాముల ప్రొటీన్, 4 గ్రాముల పీచు ఇస్తాయి. ఉడికేటప్పుడు ఓట్స్ జిగురుగా అవుతాయి కదా, అది బీటా గ్లూకాన్ అనే పీచు గుణం. కడుపులోకి వెళ్లాక కూడా అది జిగురుగానే ఉండి, పైత్యరస ఆమ్లాలను పట్టుకుని బయటికి పంపేస్తుంది. వాటిని మళ్లీ తయారుచేసుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది. చెడు కొలెస్ట్రాల్ తగ్గేది ఇలాగే. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1997లో ఓట్స్ గుండెకు మేలని ప్యాకెట్ మీద రాసుకోనిచ్చింది. అందుకు చెప్పిన లెక్క రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్. మన అరకప్పులో ఉండేది అందులో సగం, మహా అయితే ఇంకొంచెం ఎక్కువ. వారానికోసారి తిని ఫలితం రాలేదనడం న్యాయం కాదు. రోజూ తినాలి. మిగతా సగానికి సాయంత్రం వడకట్టని బార్లీ జావ తాగొచ్చు.

ఏ ఓట్స్ అన్నది కూడా ముఖ్యమే. ముక్కలుగా కోసినవి, అటుకుల్లా నొక్కినవి నెమ్మదిగా అరుగుతాయి. క్షణాల్లో ఉడికే ఇన్‌స్టంట్ రకం రక్తంలో చక్కెరను త్వరగా పెంచుతుంది. మసాలా ఓట్స్‌లో ఉప్పు ఎక్కువ. మసాలా కావాలంటే ఆవాలు, కరివేపాకు, పచ్చిమిర్చి తాలింపు మన చేతిలోనే ఉంది. ఉల్లిపాయ, క్యారెట్, బీన్స్ వేసి ఉప్మా చేసుకోండి. ఓట్స్ ప్రొటీన్‌లో లైసిన్ తక్కువ, పెసల్లో ఎక్కువ. అందుకే పెసరట్టు పిండిలో గుప్పెడు ఓట్స్ పొడి కలపడం నాకెంతో ఇష్టమైన పద్ధతి.

ఓట్స్ వచ్చాయని రాగిజావ మానేయకండి. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటే, ఓట్స్‌లో ఉండేది 50 దాకానే. రెండూ వంతులవారీగా తినండి.

ఇక క్రమశిక్షణ. పొద్దున్నే ఆఫీసు హడావిడిలో ఏం తినాలో ఆలోచించేవాళ్లు చేతికందింది తిని వెళ్లిపోతారు. ఆ నిర్ణయం రాత్రే తీసుకోండి. ఓట్స్ కొలిచి పెరుగులో నానబెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, లేదా కూరగాయలు తరిగి ఉంచుకోండి. పీచు కొత్తగా పెంచుతున్నప్పుడు కొద్దికొద్దిగా పెంచండి, నీళ్లు బాగా తాగండి. షుగరు మందులు వాడేవాళ్లు డాక్టర్‌కు చెప్పి మొదలుపెట్టండి.

ఈసారి దుకాణానికి వెళ్లినప్పుడు ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవండి. పదార్థాల జాబితాలో ఓట్స్ ఒక్కటే ఉంటే కొనండి.