ఆగిన విమానాన్ని లేపడం

విమానాల మరమ్మతు పనిలో ముప్పై నాలుగేళ్లు గడిపాను. మొదట బేగంపేట, 2008 నుంచి శంషాబాద్. 2023 చివర రిటైరయ్యాను. మనవడు ఇదే పని నేర్పే చదువులో చేరి "కోవిడ్ రోజులు ఎలా ఉండేవి తాతయ్యా?" అని అడిగాడు. వాడికోసం రాస్తున్నవి ఇవి.

1. ఎగరని విమానానికే చాకిరీ ఎక్కువ.
2020 మార్చి 25న దేశంలో ప్రయాణికుల విమానాలన్నీ ఆగాయి. మాకిక సెలవులేనని ఇంట్లో అనుకున్నారు. కానీ ఆగిన విమానం ఇంజిన్లకు ముందూ వెనకా కవర్లు బిగించాలి. వేగం కొలిచే పిటో గొట్టాలకు తొడుగులు వేయాలి, లేకపోతే కందిరీగలు మట్టి తెచ్చి గూడు పెట్టేస్తాయి. బరువంతా ఒకేచోట పడి టైర్లు పాడవకుండా చక్రాలు తిప్పుతూ ఉండాలి. నెల్లాళ్లు మూలన పడేసిన స్కూటరే మొండికేస్తుంది. విమానానికి కిక్కు రాడ్డు కూడా ఉండదు.

2. పై హద్దు కన్నా కింది హద్దు చూడాలి.
మే 25న మళ్లీ ఎగిరాయి, ఆంధ్రలో ఒకరోజు ఆలస్యంగా. మొదట మూడో వంతు సర్వీసులే. ప్రయాణ సమయాన్ని బట్టి టికెట్ ధరకు ప్రభుత్వం కింద ఒక హద్దు, పైన ఒక హద్దు పెట్టింది. జనం పై హద్దును మెచ్చుకున్నారు. డబ్బున్న కంపెనీ నష్టానికి అమ్మి పక్కవాణ్ణి ముంచేయకుండా ఆపింది మాత్రం కింది హద్దే. అయితే దాన్ని 2022 ఆగస్టు 31 దాకా లాగడం నాకు నచ్చలేదు.

3. జనం వస్తారు.
2019లో దేశంలో తిరిగిన విమాన ప్రయాణికులు 14.4 కోట్లు. 2020లో 6.3 కోట్లు. 2022కి 12.3, ఆ మరుసటి ఏడు 15.2 కోట్లు. ఇక ఎవరూ ఎక్కరేమోనని క్యాంటీన్లో మేం పడ్డ భయమంతా దండగే.

4. పోయిన చెయ్యి తిరిగి రాదు.
జనం వచ్చారు, రానిది మన మెకానిక్కులే. జీతాలు కోశారు, జీతం లేని సెలవులిచ్చారు. నా షిఫ్టులో ఒక టెక్నీషియన్ ఉండేవాడు. చప్పుడు విని బేరింగు అరుగుదల చెప్పేవాడు. భీమవరం వైపు వెళ్లి రొయ్యల చెరువుల దగ్గర ఏరేటర్లు బాగుచేసుకుంటున్నాడు. రద్దీ పెరిగాక నేనే ఫోన్ చేశాను. "ఇక్కడ నెల జీతం నెలలో పడుతోంది సార్" అన్నాడు. ఏమనను? అతని పని ఇద్దరు కొత్త కుర్రాళ్లకు అప్పజెప్పి, ఏడాదిపాటు వాళ్ల వెనకే టార్చి పట్టుకుని తిరిగాను. 2022 డిసెంబరులో ఢిల్లీ విమానాశ్రయం మూడో టెర్మినల్లో ప్రయాణికుల పొడవాటి క్యూలు టీవీలో చూసినప్పుడు, అక్కడా ఇదే కథ ఉండి ఉంటుందనుకున్నాను.

5. ఆర్డరు పెట్టిన విమానం గాల్లో లేనట్టే.
2023 ఫిబ్రవరిలో ఎయిరిండియా 470, జూన్‌లో ఇండిగో 500 విమానాలకు ఒప్పుకున్నాయి. పేపర్ల నిండా అవే. ఆ రెంటి మధ్య, మే 3న గో ఫస్ట్ విమాన సంస్థ ఆగిపోయింది. ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్లు అందక సగం విమానాలు నేలమీదే ఉన్నాయని ఆ కంపెనీ చెప్పింది. జూలైలో అదే తయారీదారు ఇంజిన్ల భాగాలు చేసే లోహపు పొడిలో లోపం బయటపడింది. తర్వాత ఇండిగోవీ పదుల సంఖ్యలో నిలిచాయి. అప్పుడు టికెట్లకు గిరాకీ ఉండేది, పైలట్లుండేవాళ్లు, రెక్కల కింద ఇంజిన్లే లేకపోయాయి.

మొన్న మనవడు ఫోన్ చేసి ఏ లైసెన్సుకు వెళ్లను, ఇంజిన్ల వైపా ఎలక్ట్రానిక్స్ వైపా అన్నాడు. ఇంజిన్లే అన్నాను. మంచి టార్చి ఒకటి కొనుక్కోమని కూడా చెప్పాను.