గోలు కాపరి గురువైన విధము

పాఠశాలల మైదానములలో ఫుట్‌బాలు ఆట మొదలగునపుడు ఒక ఆచారము తఱచుగా కనబడుచున్నది. వేగముగా పరుగెత్తువారందఱు ముందు వరుసకై పోటీపడుదురు. ఎవరికిని అక్కఱలేక మిగిలినవానిని గోలులో నిలుపుదురు. గోలు పడినచో నింద వానిది. గెలిచినచో కీర్తి ఇతరులది. ఈ ఆచారము తగినదా యని విచారించుటకే యీ వ్యాసమును వ్రాయుచున్నాము. ఇందుకు మన సికింద్రాబాదు మైదానములలో ఆటనేర్చిన పీటర్ తంగరాజు జీవితమును ఉదాహరణముగా గైకొందము.

1. కాపరి స్థానము

అమెరికా దేశమున బేస్‌బాల్ అను ఆట కలదు. అందు బ్యాటు పట్టినవాని వెనుక, ముఖమునకు ముసుగు ధరించి, గొంతుకూర్చుండి బంతిని పట్టువానిని క్యాచర్ అందురు. జట్టులోని తొమ్మండుగురిలో ఎనమండుగురు బ్యాటువైపు తిరిగి నిలుతురు. క్యాచర్ ఒక్కడే వారందఱి ముఖములను చూచును. బంతి ఎట్లు విసరవలెనో వ్రేళ్లతో సైగచేసి తెలుపువాడును అతడే. కావుననే క్యాచర్లలో పలువురు తరువాత శిక్షకులైరి. కానీ మాక్ అనునతడు మొదట క్యాచరుగా ఆడి, పిమ్మట 1901 మొదలు 1950 వఱకు ఫిలడెల్ఫియా జట్టును నడిపెను.

క్రికెట్టున వికెట్ కీపరుదియు ఇట్టి స్థానమే. గుంటూరువాడైన ఎం.ఎస్.కె. ప్రసాద్ భారతజట్టునకు వికెట్ కీపరుగా ఆడి, 2016లో ఆటగాండ్రను ఎంపికచేయు సంఘమునకు అధ్యక్షుడయ్యెను. ఫుట్‌బాలున ఈ స్థానము గోలు కాపరిది.

2. కాపరి విద్య

గోలు ఎనిమిది గజముల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు గలది. అంత విశాలమైన ద్వారమును ఒక్క మనుష్యుడు కాచుట ఎట్లు? మీరు రేఖాగణితమున చదివిన త్రిభుజమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. బంతిగలవాని పాదము ఒక బిందువు. రెండు గోలు స్తంభములు తక్కిన బిందువులు. కాపరి గీతమీదనే నిలిచినచో ఇరువైపుల చాల చోటు మిగులును. అతడు బంతివైపు కొన్ని అడుగులు ముందునకు వచ్చినచో, ఆ త్రిభుజము ఇఱుకైనచోట నిలుచును గనుక తక్కువ చోటే మిగులును. మితిమీఱి వచ్చెనా, బంతి తలమీదుగా పోవును. కావున ఈ పనికి దేహబలముకంటె నిర్ణయశక్తి ముఖ్యము.

3. తంగరాజు జీవితము

తంగరాజు 1935లో హైదరాబాదున జన్మించెను. సికింద్రాబాదులోని మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బులలో ఆడి, పిదప సైన్యమునకు చెందిన మద్రాసు రెజిమెంటల్ సెంటరులో చేరెను. అక్కడ తొలుత ఆడినది గోలు కొట్టు సెంటర్ ఫార్వర్డుగా, తరువాతనే కాపరియయ్యెను. కొట్టువాని మనస్సు నెఱిగినవాడు కాచుటలో నిపుణుడగుట వింతకాదు. ఆ జట్టు 1955లోను, 1958లోను డ్యూరండ్ కప్పును గెలిచెను. 1958లో అతడు ఆసియాఖండపు ఉత్తమ గోలు కాపరిగా పేరొందెను. 1956 మెల్బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్ క్రీడలకు వెళ్లిన భారతజట్టులలో నుండెను. ఆ రెండు జట్టులందును మన కాప్రాకు పొరుగుననున్న అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం కూడ ఉండుట మనకు సంతోషకరము.

1962లో జకార్తా ఆసియా క్రీడలలో భారతజట్టు మొదట దక్షిణ కొరియా చేతిలో రెండు గోలులతో ఓడెను. కొద్ది దినములకే, సెప్టెంబరు 4వ తేదీన, ఆ జట్టుతోనే అంతిమ పోటీ వచ్చెను. ప్రేక్షకులు మనవారికి ప్రతికూలముగా కేకలు వేయుచుండిరి. ఆ దినమున గోలులో నిలిచినవాడు తంగరాజు. ముందు వరుసలో బలరాం ఆడెను. మనవారు 2–1 గోలులతో గెలిచి బంగారు పతకము పొందిరి.

ఆ జట్టునకు గురువు హైదరాబాదు వాస్తవ్యుడైన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన వృత్తిచే పాఠశాల ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో హైదరాబాదు పోలీసు జట్టు 1950 నుండి 1954 వఱకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పును గెలిచెను. తలకు గాయమైన వెనుకటి వరుస ఆటగాడు జర్నైల్ సింగును జకార్తాలో ముందు వరుసకు మార్చినవాడు ఆయనయే. అంతిమ పోటీలో ఒక గోలు జర్నైల్ సింగే కొట్టెను. ఎవని నెచట నిలుపవలెనో తెలియుటయే గురుత్వము.

4. ఆట ముగిసిన పిదప

తంగరాజు కలకత్తాలోని మహమ్మడన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అను మూడు ప్రసిద్ధ క్లబ్బులకును ఆడెను. 1967లో అర్జున పురస్కారము లభించెను. 1971లో ఆట విరమించునప్పటికి అతనికి ముప్పదియైదేండ్లు. ఇతర వృత్తులలో మనుష్యుడు అప్పుడే నిలదొక్కుకొనును; ఆటగాని వృత్తి మాత్రము అప్పటికే ముగియును. అతడు శిక్షకుడై, తనకు తెలిసినదానిని పిన్నలకు నేర్పుటకు పూనుకొని, తుదకు బొకారో ఉక్కు నగరమున స్థిరపడెను. అక్కడనే 2008 నవంబరు 24న మరణించెను.

తలిదండ్రులకు మా మనవి యిది. ఆట చదువునకు శత్రువను భయము మీలో పలువురికి కలదు. ఆట వలన జీవనము దొరకునను వాగ్దానము మేము చేయజాలము. అది కొందఱికే దొరకును, అదియు కొద్ది కాలమే. కాని చూచుట, వేచియుండుట, నింద నోర్చుట, ఇతరులకు దారి చెప్పుట అను గుణములను ఆట నేర్పును. చదువును వీడక ఆడినవాడు కాళ్లు అలసిన నాడును నిరుపయోగి కాడు.

అభ్యాసము

1. కాపరి ముందునకు వచ్చుటవలన కలుగు లాభమును త్రిభుజము గీచి చూపుడు.
2. తంగరాజు మొదట గోలు కొట్టువాడగుట కాపరిగా అతనికెట్లు తోడ్పడియుండును?
3. మీ జట్టులో గోలు కాచుటకు ఎవరిని ఎన్నుకొందురు? కారణములు వ్రాయుడు.