ఉల్లిపాయ నిదానంగా, ఉప్పు చివర్లో: సూప్ సందేహాలకు సమాధానాలు

వానలు మొదలయ్యాక వచ్చే ఉత్తరాల్లో సూప్ గురించిన ప్రశ్నలు ఎక్కువగా కనిపిస్తాయి. వాటిలో చాలావరకు వంట ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినవారివి. ఎక్కువమందికి ఎదురయ్యే ఇబ్బందులను ఏరి ఈసారి సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: ఉద్యోగం వచ్చి వేరే గది తీసుకున్నాను. ఇండక్షన్ స్టవ్, ఒక గిన్నె, చిన్న మిక్సీ ఉన్నాయి. గుడ్డు, నూడుల్స్ తప్ప ఏమీ వండలేదు. టమాటా సూప్ మొదటినుంచి ఎలా చేయాలో కొలతలతో చెప్పండి.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ దగ్గరున్న సామాను చాలు. ముగ్గురికి సరిపడా చేయడానికి బాగా పండిన టమాటాలు అరకిలో, మధ్యరకం ఉల్లిపాయ ఒకటి, చిన్న క్యారెట్ ఒకటి, వెల్లుల్లి రెబ్బలు రెండు, వెన్న లేదా నూనె ఒక టేబుల్ స్పూను, బిర్యానీ ఆకు ఒకటి, నీళ్లు అరలీటరు తీసుకోండి.

అడుగు మందంగా ఉన్న గిన్నెలో వెన్న కరిగించి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, చిటికెడు ఉప్పు వేసి, మంట బాగా తగ్గించి మూత పెట్టండి. ఆ చిటికెడు ఉప్పు ఉల్లిపాయలోని నీటిని బయటికి లాగుతుంది. ఆ నీటిలోనే ముక్కలు మాడకుండా మగ్గుతాయి. మధ్యమధ్య కలుపుతూ ఎనిమిది నుంచి పది నిమిషాలు ఉంచండి. కొత్తవాళ్లు తొందరపడేది ఇక్కడే. కూరకు వేయించినట్టు ఎర్రగా వేయించొద్దు. ముక్క అద్దంలా మెరవాలి, గరిటెతో నొక్కితే చితికిపోవాలి, పచ్చి ఘాటు పోయి తియ్యటి వాసన రావాలి. సూప్‌కి రుచి వచ్చేది ఈ పది నిమిషాల్లోనే. ఇక్కడ హడావిడి పడితే తర్వాత ఎంత మిరియాల పొడి చల్లినా లాభం లేదు.

ఆ తర్వాత వెల్లుల్లి వేసి ఒక నిమిషం కలిపి, టమాటా, క్యారెట్ ముక్కలు, బిర్యానీ ఆకు వేసి మూతపెట్టి పది నిమిషాలు మగ్గనివ్వండి. నీళ్లు పోసి, క్యారెట్ ముక్క చెంచాతో తేలిగ్గా నలిగేదాకా మరో పదిహేను నిమిషాలు ఉడికించండి. ఆకు తీసేసి, చల్లార్చి, మిక్సీ పట్టి, వడకట్టి మళ్లీ ఒక పొంగు రానివ్వండి. అప్పుడు అర టీస్పూను ఉప్పుతో మొదలుపెట్టి, రుచి చూస్తూ కొద్దికొద్దిగా పెంచండి. మిరియాల పొడి దించేముందు వేస్తే వాసన నిలుస్తుంది. నాటు టమాటాలైతే పులుపు ఎక్కువగా ఉంటుంది, అర టీస్పూను పంచదార వేస్తే సర్దుకుంటుంది.

ఉల్లిపాయ మగ్గించడం, కూరగాయ మగ్గించడం, నీళ్లు పోసి ఉడికించడం, రుబ్బడం, చివర్లో రుచి సరిచేయడం – ఈ వరస ఒక్కటి చేతికి వస్తే టమాటా స్థానంలో గుమ్మడికాయ, సొరకాయ, క్యాలీఫ్లవర్, పుట్టగొడుగులు, ఏదైనా వేసుకోవచ్చు. కూరగాయను బట్టి ఉడికే సమయం మారుతుందంతే.

ప్రశ్న: టమాటా సూప్‌లో పాలు పోసిన ప్రతిసారీ విరిగిపోయి తరకలు తరకలుగా అవుతోంది. హోటల్లో మాత్రం నున్నగా ఉంటుంది. ఎక్కడ తప్పు చేస్తున్నాను?
– ఒక గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: పాలలో కేసిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. ఆమ్లత్వం పెరిగి పీహెచ్ విలువ 4.6 దగ్గరికి వచ్చినప్పుడు అది గడ్డకడుతుంది. టమాటాల పీహెచ్ కూడా దాదాపు అక్కడే, 4.3 నుంచి 4.9 మధ్య ఉంటుంది. పైగా సూప్ మరుగుతుంటే ఆ పని ఇంకా త్వరగా జరుగుతుంది. మరిగే పాలలో నిమ్మరసం పిండి పనీర్ తీసేటప్పుడు జరిగేదీ ఇదే.

హోటళ్లలో సాధారణంగా వాడేది క్రీమ్. అందులో కొవ్వు ఎక్కువ, ప్రోటీన్ తక్కువ కాబట్టి అంత తేలిగ్గా విరగదు. మీరూ క్రీమ్ వేయాలనుకుంటే ముందు స్టవ్ ఆపండి. రెండు నిమిషాలు ఆగి, చిన్న గిన్నెలో క్రీమ్ తీసుకుని అందులో వేడి సూప్ రెండు మూడు గరిటెలు పోసి కలపండి. క్రీమ్ వెచ్చబడ్డాక దాన్ని పెద్ద గిన్నెలో కలిపేయండి. ఆ తర్వాత మళ్లీ మరిగించకూడదు.

పాలే వాడాలనుకుంటే ఒక టేబుల్ స్పూను వెన్నలో అంతే మైదా వేసి పచ్చివాసన పోయేదాకా వేయించి, ఒక కప్పు పాలు కొద్దికొద్దిగా పోస్తూ చిక్కబడేదాకా ఉడికించండి. ఆ పాలను చివర్లో, సన్నటి మంట మీద సూప్‌లో కలపండి. మైదాలోని పిండిపదార్థం పాల ప్రోటీన్‌ను ఒకచోట గడ్డకట్టనివ్వదు. ఒకవేళ విరిగినా సూప్ పాడైనట్టు కాదు. చూడటానికే బాగుండదు, తాగడానికి ఏ ఇబ్బందీ లేదు.

ప్రశ్న: కార్న్‌ఫ్లోర్ వేస్తే ఉండలు కడుతోంది. ఒక్కోసారి చిక్కబడిన సూప్ కాసేపటికి మళ్లీ పలచబడుతోంది.
– డిగ్రీ విద్యార్థిని, వరంగల్

జవాబు: పొడి పిండి వేడి నీటిలో పడితే పైపొర వెంటనే ఉబ్బి జిగురవుతుంది. లోపలికి నీరు చేరదు. ఉండ కట్టడమంటే అదే. అరలీటరు సూప్‌కి ఒక టేబుల్ స్పూను కార్న్‌ఫ్లోర్‌ను మూడు టేబుల్ స్పూన్ల చల్లటి నీటిలో కలపండి. పిండి అడుక్కి దిగిపోతుంది కాబట్టి పోసేముందు మరోసారి కలిపి, మరుగుతున్న సూప్‌లో సన్నటి ధారగా పోస్తూ కలుపుతూ ఉండండి. ఒకటి రెండు నిమిషాలు ఉడికితే పచ్చివాసన పోతుంది.

ఎక్కువసేపు మరిగించినా, పులుపు వేసి మరిగించినా ఆ చిక్కదనం సడలిపోతుంది. అందుకని వెనిగర్, నిమ్మరసం లాంటివి దించాకే కలపండి. కార్న్‌ఫ్లోర్ తప్పనిసరేమీ కాదు. కూరగాయలతోపాటు రెండు టేబుల్ స్పూన్ల పెసరపప్పు ఉడికించి రుబ్బినా చక్కగా చిక్కబడుతుంది. కాస్త ప్రోటీన్ కూడా అందుతుంది.

ప్రశ్న: వేడి సూప్ మిక్సీలో వేయగానే మూత ఎగిరిపడి చెయ్యి కాలింది. ఇంకో దారి ఉందా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: వేడి పదార్థం తిరిగేకొద్దీ జార్‌లో ఆవిరి ఒక్కసారిగా పెరిగి మూతను తోసేస్తుంది. సూప్‌ను జల్లెడలో పోసి ముక్కలు వేరుచేయండి. నీళ్లు గిన్నెలోనే ఉండనివ్వండి. ముక్కలను పళ్లెంలో పరిస్తే పది నిమిషాల్లో చల్లబడతాయి. వాటిని మాత్రమే మెత్తగా రుబ్బి మళ్లీ గిన్నెలో కలపండి. జార్ ఎప్పుడూ సగానికి మించి నింపొద్దు. చెయ్యి కాలితే కుళాయి కింద చల్లటి నీటి ధారలో ఇరవై నిమిషాలు ఉంచాలి. టూత్‌పేస్ట్, పసుపు లాంటివి రాయకండి. పెద్ద బొబ్బలు వస్తే డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: సూప్‌లో ఉప్పు ఎక్కువైతే బంగాళదుంప వేస్తే లాగేసుకుంటుందంటారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: బంగాళదుంప ఉప్పును ఏరి తీసుకోదు. ఉప్పునీటిని పీల్చుకుంటుంది. మిగిలిన సూప్ ఉప్పదనం దాదాపు అలాగే ఉంటుంది. ఉప్పు లేని నీళ్లు కలపడమే అసలు ఉపాయం. పలచబడుతుందనుకుంటే ఉప్పు లేకుండా ఉడికించిన బంగాళదుంపనో క్యారెట్‌నో రుబ్బి కలపండి. నిమ్మరసం ఉప్పును తగ్గించదు, కానీ నాలుకకు కాస్త తక్కువగా అనిపించేలా చేస్తుంది. పెద్దలు రోజు మొత్తం మీద తినే ఉప్పు 5 గ్రాముల లోపు, అంటే దాదాపు ఒక టీస్పూను లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్యాకెట్ సూప్ కొనేటప్పుడు దానిమీద సోడియం ఎంత ఉందో చదవండి. 2 గ్రాముల సోడియం అంటే ఆ 5 గ్రాముల ఉప్పుతో సమానం.

ప్రశ్న: మటన్ బొక్కల సూప్ చేసి ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి జెల్లీలా గట్టిపడింది. పాడైందని మా అత్తమ్మ పారబోయమంటోంది.
– కొత్త కోడలు, కరీంనగర్

జవాబు: పారబోయకండి. సూప్ సరిగ్గా కుదిరిందనడానికి అదే గుర్తు. ఎముకల దగ్గర ఉండే కొల్లాజెన్ చాలాసేపు ఉడికితే జెలటిన్‌గా మారుతుంది. చల్లబడితే గడ్డకడుతుంది, వేడిచేస్తే మళ్లీ నీరవుతుంది. పైన పేరుకున్న తెల్లటి కొవ్వును చెంచాతో తీసేస్తే సూప్ తేలిగ్గా ఉంటుంది. పుల్లటి వాసన, నురగ, బుడగలు కనిపిస్తే మాత్రం వాడొద్దు. ఈ మాట మీ అత్తమ్మగారికి చెప్పి, వేడిచేసి మొదటి గ్లాసు ఆవిడకే ఇవ్వండి.

ఈసారి చేసేటప్పుడు అరకిలో ఎముకలను లీటరున్నర చల్లటి నీటిలో వేసి, మూత లేకుండా నిదానంగా మరగనివ్వండి. పైకి తేలే బూడిదరంగు తెట్టును గరిటెతో తీసేశాక అల్లం, వెల్లుల్లి, ఉల్లిపాయ, పసుపు, దంచిన మిరియాలు వేసి కుక్కర్ మూత పెట్టండి. మొదటి కూత వచ్చాక మంట తగ్గించి 40 నిమిషాలు ఉంచండి. తెట్టు తీయకపోతే సూప్ మడ్డిగా కనిపిస్తుంది.

వండిన సూప్‌ను బయట రెండు గంటలకు మించి ఉంచొద్దు. ఎండ 32 డిగ్రీలు దాటిన రోజుల్లో గంటే. వెడల్పాటి గిన్నెలో పోస్తే త్వరగా చల్లారుతుంది. ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంటుంది. తాగే ముందు, తాగేంత మాత్రమే తీసి బాగా మరిగించుకోవాలి.

ప్రశ్న: మా మార్కెట్‌లో టమాటా ధర పడిపోయినప్పుడు చవగ్గా దొరుకుతాయి. సూప్ కోసం నిల్వ చేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, మదనపల్లె

జవాబు: చక్కగా చేసుకోవచ్చు. టమాటాలు మెత్తగా ఉడికించి, రుబ్బి, వడకట్టి, సగానికి మరగనివ్వండి. చల్లారాక ఒక్కోసారికి సరిపడా డబ్బాల్లో పోసి, పైన వేలెడు ఖాళీ వదలండి. నీరు గడ్డకట్టినప్పుడు ఉబ్బుతుంది. డబ్బా మీద తేదీ రాసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టి మూడు నెలల్లో వాడేయండి. టమాటాను ఎర్రగా ఉంచే లైకోపీన్ పచ్చి పండులో కంటే ఉడికించి, కాస్త నూనె చేర్చినప్పుడే ఒంటికి బాగా పడుతుంది. కాబట్టి ఉడికించడం వల్ల అంతా నష్టమే అనుకోకండి.

ప్రశ్న: మా పాపకు ఎనిమిది నెలలు. బలానికి రోజూ కూరగాయల సూప్ పట్టమంటున్నారు.
– ఒక తల్లి, అనంతపురం

జవాబు: పలచటి సూప్ బిడ్డ చిన్న పొట్టను నింపేస్తుంది కానీ శక్తి తక్కువగా ఇస్తుంది. ఈ వయసులో తల్లిపాలతోపాటు కావలసింది చెంచా వంచితే జారిపోనంత చిక్కటి ఆహారం. నీళ్లు పారబోయకుండా ఆ కూరగాయలనే పప్పు, అన్నంతో కలిపి మెత్తగా మెదిపి, కాస్త నెయ్యి వేసి పెట్టండి. ఏడాది నిండేదాకా ఉప్పు, పంచదార వేయనక్కర్లేదు.

ఉత్తరం రాసేటప్పుడు మీ స్టవ్ ఏదో, గిన్నె ఎలాంటిదో, ఏది ఎంత వేశారో, ఎంతసేపు ఉడికించారో తప్పకుండా రాయండి. ‘బాగా రాలేదు’ అని మాత్రమే రాస్తే తప్పు ఎక్కడుందో చెప్పడం కష్టం. కొలతలు ఉంటే సరిదిద్దడం తేలిక.