పిండమునందు కరచరణముల పుట్టుక

ఫలదీకరణము జరిగిన సుమారు 26వ దినమున, బియ్యపుగింజ కంటెను పొట్టిదైన పిండమునకు ఇరుప్రక్కల తెడ్లవంటి మొగ్గలు రెండు పొడసూపును, ఇవియే భావిహస్తములు. కాలిమొగ్గలు ఒకటి రెండు దినములు వెనుకబడి వచ్చును. మొగ్గ కొనయందలి బహిస్త్వచపు గట్టు లోపలి మధ్యస్త్వచ కణములను ఎడతెగక విభజింపజేయును. 1948లో జాన్ సాండర్స్ అను శాస్త్రజ్ఞుడు కోడిపిండమునందు ఈ గట్టును తొలగించినట్లు ప్రకటింపగా, దాని రెక్క మొండిగా నిలిచిపోయినదని తెలియవచ్చెను. ఎముకలు పార్శ్వఫలక మధ్యస్త్వచమునుండియు, కండరములు సోమైట్లు అను మధ్యస్త్వచ ఖండములనుండియు పుట్టును. చిటికెనవ్రేలి దెసనున్న కణసముదాయము సోనిక్ హెడ్జ్‌హాగ్ అను ప్రోటీనును స్రవించి, ఏ వ్రేలు ఏదియో నిర్ణయించును. వీడియో ఆటలోని ముళ్ళజంతువు పేరు శాస్త్రమున కెక్కుట వింతయే!

వ్రేళ్ళు మాత్రము మొలచుటకంటె చెక్కబడుట అధికము: ఆరవ వారమున, తెడ్డువలె చదునైన అరచేతిలో కిరణములవంటి చారలు తోచి, వాని నడుమనున్న కణములు తమంతట తాము మరణింపగా, ఎనిమిదవ వారాంతమునకు వ్రేళ్ళు విడివడును. ఆ మరణము కొరవడినచో శిశువునకు వ్రేళ్ళు అతుకుకొని యుండును. బాతుపాదపు పొరయు నట్లు మిగిలినదే. గర్భిణుల వికారమునకు వాడిన థాలిడోమైడ్ అను మందు ఈ తొలివారములందే అవయవములను కురచచేసినందున, 1961లో పశ్చిమజర్మనీ విపణినుండి తొలగింపబడెను.