‘బిట్వీన్ యు అండ్ ఐ’ సరైనదేనా?

ప్రశ్న: ‘బిట్వీన్ యు అండ్ ఐ’ అనాలా, ‘యు అండ్ మి’ అనాలా? పోటీ పరీక్షల్లో ఇక్కడే తడబడుతున్నాను.
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: ‘బిట్వీన్ యు అండ్ మి’ సరైనది. బిట్వీన్, ఫర్, విత్, టు లాంటి ప్రిపొజిషన్ల తర్వాత మి, హిమ్, హర్, అస్, దెమ్ అనే ఆబ్జెక్ట్ రూపాలే రావాలి. ఐ, హి, షి, వి, దే కర్త స్థానంలో వచ్చేవి. ‘యు’ రెండు చోట్లా మారదు కాబట్టి దాని పక్కన ‘ఐ’ వచ్చినా తప్పు చెవికి తట్టదు.

అనుమానం వస్తే జంటలో మొదటి మాట తీసేసి చదవండి. ‘దిస్ ఈజ్ ఫర్ రవి అండ్ ఐ’లో రవిని తీసేస్తే ‘ఫర్ ఐ’ మిగులుతుంది. తప్పు వెంటనే తెలిసిపోతుంది. ‘ఫర్ రవి అండ్ మి’ అని దిద్దుకోవాలి.

‘ద మర్చంట్ ఆఫ్ వెనిస్’లో షేక్‌స్పియర్ ‘యు అండ్ ఐ’ వాడిన మాట నిజమే. పరీక్షలో మాత్రం ‘మి’ అనే రాయండి.